అమ్మమ్మకు హద్దులు రాయడం: ఒక దస్తావేజు లేఖరి పద్ధతి

నేను అమలాపురంలో దస్తావేజులు రాస్తాను. ఇరవై రెండేళ్లుగా చుట్టుపక్కల ఊళ్ల ఇళ్లు, పొలాలు, కొబ్బరితోటలు, అన్నదమ్ముల పంపకాలు నా బల్ల మీదుగానే రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లాయి. అయినా మా అమ్మమ్మ పోయిన పదో రోజున మామయ్య వచ్చి, "అమ్మ గురించి రెండు ముక్కలు రాసివ్వరా, ఫ్లెక్సీ వేయిద్దాం" అంటే కలం కదల్లేదు. చివరికి "ప్రేమమూర్తి, త్యాగమయి, అనురాగదేవత" అని రాసిచ్చాను. రెండు రోజుల తర్వాత బస్టాండు దగ్గర ఇంకో ఫ్లెక్సీ కనిపించింది. ఎవరో ముక్కుపుడక పెద్దావిడ, నాకు తెలియదు. బొమ్మ కింద అవే మూడు మాటలు, అదే వరసలో.

హద్దులు రాయని దస్తావేజులోని పొలం ఎవరిదైనా కావచ్చు. నేను మా అమ్మమ్మకు హద్దులు రాయలేదన్నమాట.

ఆ తప్పు దిద్దుకోవడానికి సంవత్సరీకం నాటికి నలభై ఎనిమిది పేజీల చిన్న పుస్తకం వేశాం. మీ ఇంట్లోనూ అలాంటి పని తలపెట్టే ఉద్దేశం ఉంటే, మేము చేసిన పద్ధతి, చేసిన పొరపాట్లు కొన్ని ఇక్కడ చెబుతున్నాను.

ముందు పెట్టె సంగతి చూడండి

మొదటి పన్నెండు రోజుల్లో ఏమీ రాయకండి, ఎవరినీ ఏమీ అడగకండి. ఒక్క పని మాత్రం చేయండి: ఆమె పెట్టె ఎక్కడుందో చూసి, దాన్ని పక్కన పెట్టించండి. కర్మ అయిపోయాక ఇల్లు కడుగుతారు. చీరలు పంచుతారు. మిగిలిన కాగితాలు నీళ్ల కాగు కిందికి పోతాయి. ఎవరి దురుద్దేశమూ ఉండదు, ఇల్లు శుభ్రం చేసే చేతులకు పాత పోస్టుకార్డు చిత్తుకాగితమే. నేను పదకొండో రోజు రాత్రే ట్రంకుపెట్టెను స్కూటరు మీద నా గదికి తెచ్చేశాను. అత్తయ్య కాస్త నొచ్చుకుంది. అందులో బంగారం ఏమైనా ఉందేమోనని ఎవరో అన్నారు కూడా. అందుకని మీరు నాలా చేయకండి, అందరి ముందూ తెరిచి, ఏమున్నాయో ఒక కాగితం మీద రాసి, తర్వాత తీసుకెళ్లండి.

తెరిచాక వెంటనే కెలకకూడదు. ఒక్కో పొర తీసే ముందు ఫోనుతో ఫొటో తీయండి. ఏ కాగితం దేని పక్కన ఉందన్నదే సగం కథ చెబుతుంది. మా అమ్మమ్మ పెట్టెలో అడుగున ఒక పాత గుడ్డలో మూడు కలిపి కట్టి ఉన్నాయి: ఒక తనఖా దస్తావేజు, ఒక పలక ముక్క, ఒక ఆడియో కేసెట్. విడివిడిగా తీసి ఉంటే ఆ పలక ముక్కను పారేసేవాడిని.

చీరలు పంచడం ఆపలేరు, ఆపనవసరం లేదు కూడా. పంచే ముందు ఒక్కో చీరను మడత విప్పి ఫొటో తీసి, అది ఎప్పటిదో తెలిసినవారి చేత రెండు మాటలు చెప్పించి రికార్డు చేయండి. మాకు పంతొమ్మిది చీరలకు ఒక మధ్యాహ్నం పట్టింది. ఆ మధ్యాహ్నం దొరికినన్ని సంగతులు తర్వాత ఆరు నెలల్లో దొరకలేదు.

తేదీలు ఎలా పట్టుకోవాలి

ఆధార్ కార్డులో మా అమ్మమ్మ పుట్టినరోజు జనవరి 1. ఆ తరంలో సగం ఊరు జనవరి ఒకటినే పుట్టింది, నమ్మకండి. ఆమె మాత్రం "యువ నామ సంవత్సరం, సుబ్రహ్మణ్య షష్ఠి వెళ్లిన రెండో నాడు" అని చెప్పేది. ఇది ఆధార్ కంటే గట్టి సాక్ష్యం. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. యువ మన ఎరుకలో 1995లో వచ్చింది. అరవై తీసేస్తే 1935. షష్ఠి మార్గశిరంలో వస్తుంది కాబట్టి 1935 డిసెంబరు మొదటి వారం. ఒక్క జాగ్రత్త: తెలుగు సంవత్సరం ఉగాది నుంచి ఉగాది వరకు. మాఘంలోనో ఫాల్గుణంలోనో పుట్టారంటే ఇంగ్లీషు సంవత్సరం ఒకటి కలపాలి.

సంవత్సరం పేరు కూడా తెలియకపోతే నదిని అడగాలి. గోదావరి పుష్కరాలు 1979, 1991, 2003, 2015లో వచ్చాయి. "పుష్కరాల ముందు ఏడాది నీ పెళ్లి" అని ఎవరైనా అంటే ఏ పుష్కరాలో తేల్చుకుంటే చాలు. వరద విషయంలో మోసపోవద్దు. "పెద్ద వరద" అని ఎనభై దాటినవారు అంటే అది 1953 ఆగస్టుది కావచ్చు, మా ఈడు వాళ్లు అంటే 1986 ఆగస్టుది. మా పెద్దమ్మ "వరద తీసిన పక్షానికి" పుట్టింది, అది 1953. ఒక బంధువు దాన్ని 1986తో కలిపేసి ముప్ఫై మూడేళ్లు తగ్గించాడు. పెద్దమ్మ ఆ లెక్కను సవరించవద్దంది.

కాగితాలకు కూడా వయసు తెలుస్తుంది. లెక్క అణాల్లో ఉంటే అది చాలావరకు 1957 ఏప్రిల్‌కు ముందుది, నయా పైసలు వచ్చింది అప్పుడే. పోస్టుకార్డు మీద పిన్‌కోడు రాసి ఉంటే 1972 ఆగస్టు తర్వాతది.

ఇక నా వృత్తి మాట ఒకటి. మీ అమ్మమ్మ పేరున ఎప్పుడైనా సెంటు భూమి ఉండి ఉంటే, అమ్మినా కొన్నా తనఖా పెట్టినా, ఆ దస్తావేజు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఒకటో పుస్తకంలో ఉంటుంది. స్థిరాస్తి దస్తావేజులన్నీ అందులోనే ఎక్కిస్తారు. దాన్ని ఎవరైనా రుసుము కట్టి చూడవచ్చు, నకలు అడగవచ్చు. వీలునామాలు వేరే పుస్తకం, రాసిన మనిషి బతికి ఉండగా వాటి నకలు ఇతరులకు ఇవ్వరు. ఊరి పేరు, సర్వే నెంబరు, సుమారు సంవత్సరం చెప్పగలిగితే వెతుకులాట తేలికవుతుంది.

నేను రోజూ ఎందరికో తీసిపెట్టే నకళ్లే, మా ఇంటివి ఒక్కసారీ చూడలేదు. తీస్తే రెండు దొరికాయి. 1958 నాటి తనఖా దస్తావేజులో తాతయ్య సంతకం పక్కన అమ్మమ్మ ఎడమ బొటనవేలి నిశానీ. 1974లో, మామయ్యను కాకినాడలో చదివించడానికి, పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం అమ్మిన దస్తావేజులో సంతకం. వంకర టింకరగా, పేరులోని వొత్తు పక్క అక్షరం కిందికి జారిపోయి. కానీ సంతకం.

ఈ రెండు కాగితాల మధ్య పదహారేళ్లున్నాయి. ఎప్పుడు నేర్చుకుంది? ఎవరు నేర్పారు? పెట్టెలోని పలక ముక్క అప్పుడు గుర్తొచ్చింది. అమ్మను అడిగితే, తాను రెండో తరగతి చదివేటప్పుడు రాత్రి దీపం దగ్గర అమ్మమ్మ తన పలక తీసుకుని "నాకు నా పేరు రాసిపెట్టు" అందని చెప్పింది. పెద్దమ్మను అడిగితే, నేర్పింది తానేనంది. ఇద్దరూ డెబ్బై ఏళ్ల చుట్టుపక్కల ఉన్నవారు, ఆ విషయం మీద రెండు రోజులు మాట్లాడుకోలేదు. పుస్తకంలో ఇద్దరి మాటా వేశాను. తీర్పు చెప్పడం లేఖరి పని కాదు.

ఎవరిని, ఎలా అడగాలి

అందరికంటే పెద్దవారితో మొదలుపెట్టండి, దగ్గరివారితో కాదు. కొడుకులు, కూతుళ్లు ఎక్కడికీ పోరు. ఆమె చెల్లెలు, తోడికోడలు, పాలు పోసిన మనిషి, ఊరి మంత్రసాని బతికి ఉంటే ఆమె, వీళ్లకు వ్యవధి తక్కువ. మా చిన్నమ్మమ్మకు అప్పటికి ఎనభై నాలుగు. ఆమెతో మాట్లాడిన మూడు గంటలే మా పుస్తకానికి వెన్నెముక.

"అమ్మమ్మ ఎలాంటి మనిషి?" అని అడగకండి. "చాలా మంచిది" అంటారు, అక్కడితో అయిపోతుంది. మళ్లీ ఫ్లెక్సీ దగ్గరికే వస్తాం. ఇలా అడగండి: తెల్లవారి లేవగానే మొదట ఏ పని చేసేది? పిల్లలకు తలంటేటప్పుడు ఎవరిని ముందు కూర్చోబెట్టేది, ఎవరు పారిపోయేవారు? కోపం వస్తే గిన్నెలు చప్పుడు చేసేదా, మాట మానేసేదా? తాను ఎప్పుడు తినేది, ఎక్కడ కూర్చుని? ఎవరికీ తెలియకుండా డబ్బు ఎక్కడ దాచేది? (మాకు నాలుగు చోట్లు తెలిశాయి. ఐదోది మినప్పప్పు డబ్బాలో, ఆర్నెల్లకు బయటపడింది.) చేతిలో ఒక వస్తువు పెట్టి అడిగితే ఇంకా మంచిది. ఆమె వాడిన కత్తిపీటను చిన్నమ్మమ్మ ముందు పెట్టాను. నేను అడగకుండానే నలభై నిమిషాలు మాట్లాడింది.

ఫోనులో రికార్డు చేసేటప్పుడు సీలింగు ఫ్యాను ఆపండి. ఉక్కపోసినా సరే. మొదటి రెండు రికార్డింగుల్లో నాకు ఫ్యాను తప్ప ఏమీ వినిపించలేదు. ఫోన్లు రాకుండా నెట్‌వర్కు ఆపేయండి. మాట్లాడుతున్న మనిషిని మధ్యలో సవరించవద్దు, తేదీ తప్పు చెప్పినా సరే. అయిపోగానే ఫైలుకు మనిషి వరస, తేదీ పేరుగా పెట్టి ఇంకో చోటికి కూడా పంపి ఉంచండి.

ఒక్క కబురుకు ముగ్గురు మూడు రకాలుగా చెబుతారు. కంగారు పడవద్దు. 1996 నవంబరు 6న కోనసీమ మీద తుఫాను పడిన రాత్రి మా పెంకుటింట్లో మేము పిల్లలం ఏడుగురం ఉన్నాం. నేను పెద్దవాడిని, పంతొమ్మిదేళ్లు. కరెంటు పోయింది, లాంతరు నిలవడం లేదు, పెంకులు లేచిపోతున్నాయి, బయట కొబ్బరిచెట్లు ఒకదాని వెనక ఒకటి పడుతున్న చప్పుడు. అమ్మమ్మ చీకట్లో మా తలలు తడుముతూ లెక్క పెట్టింది. ఏడు రావాల్సింది తొమ్మిది వచ్చాయి. మళ్లీ మొదటి నుంచి లెక్క పెట్టింది. పక్కనున్న పాకలోంచి ఇద్దరు పిల్లలు ఎప్పుడో మా మధ్య దూరారు. మామయ్య లెక్క ప్రకారం వచ్చింది ముగ్గురు. అమ్మ ప్రకారం ఆ పిల్లల్ని వెళ్లి తీసుకొచ్చింది అమ్మమ్మే. నాకు గుర్తున్నది, ఆ చెయ్యి నా తల మీద ఆగి, "నువ్వు ఒకటి" అని ముందుకు జరగడం. మూడు కథనాలూ ఒక దాని కింద ఒకటి వేశాం. చదివినవారు ఎవరూ అయోమయపడలేదు.

రాత్రి పిల్లల తలలు లెక్కపెట్టడం ఆమెకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. పడుకునే ముందు ప్రతిరోజూ చేసేది. ఆమెకు ఐదుగురు పిల్లలని మేమంతా అనుకునేవాళ్లం. చిన్నమ్మమ్మ చెప్పింది, మధ్యలో ఇంకో పాప పుట్టి తొమ్మిది రోజులే ఉందని. అమ్మకూ తెలియదు ఆ మాట. ఇలాంటిది బయటపడితే వెంటనే పుస్తకంలోకి ఎక్కించకండి. ముందు ఆమె పిల్లలందరికీ చెప్పి, వారు ఒప్పుకున్నాకే రాయండి. మా వాళ్లు నెల రోజులు ఆలోచించి, వంశవృక్షంలో ఒక గీత, దాని కింద "పాప, తొమ్మిది రోజులు" అని వేయమన్నారు. తలలు లెక్కపెట్టే అలవాటుతో దాన్ని నేను ముడిపెట్టలేదు. ఆమె ఎన్నడూ చెప్పని కారణాన్ని ఆమెకు అంటగట్టే హక్కు నాకు లేదు.

కేసెట్

చిన్న మామయ్య 1984లో కువైట్ వెళ్లాడు. ఆ రోజుల్లో గల్ఫ్‌లో ఉన్నవారికి మా వైపు ఇళ్లవాళ్లు ఉత్తరాలతో పాటు మాటలు కేసెట్‌లో రికార్డు చేసి, సెలవుకు వచ్చి తిరిగి వెళ్లేవారి చేత పంపేవారు. పెట్టెలో దొరికింది అలాంటిదే, పంపకుండా మిగిలిపోయినది.

మీకూ దొరికితే ఆత్రంగా ప్లేయరులో పెట్టకండి. పై అంచున రెండు చివరలా ఉండే చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి, అప్పుడు పొరపాటున దాని మీద రికార్డు కాదు. టేపు మీద తెల్లటి బూజు ఉంటే తెలిసినవారికి ఇవ్వండి. లేకపోతే పెన్సిలుతో వదులు బిగించి, ఒకసారి పూర్తిగా ముందుకు, ఒకసారి వెనక్కు తిప్పి, బాగా పనిచేస్తున్న ప్లేయరులో వేసి, ఇయర్‌ఫోను రంధ్రం నుంచి వైరుతో కంప్యూటర్‌కు కలిపి రికార్డు చేయండి. ముప్ఫై నిమిషాల టేపుకు ముప్ఫై నిమిషాలూ కూర్చోవాల్సిందే. మొదటిసారే రికార్డు చేయండి, రెండోసారి ఆ టేపు ఆడకపోవచ్చు.

అందులో అమ్మమ్మ కన్నీళ్లు పెట్టుకోలేదు. వెయ్యి కొబ్బరికాయలు ఎంత పలుకుతున్నాయో చెప్పింది. ఎవరింట్లో ఎవరు పుట్టారో చెప్పింది. "అన్నం వండుకుంటున్నావా, రొట్టెలు కొనుక్కుంటున్నావా, నిజం చెప్పు" అని అడిగి, కేసెట్ జవాబు చెబుతుందేమో అన్నట్టు కాసేపు ఆగింది. మధ్యలో వడ్ల మీదికి వచ్చిన కోడిని తరిమింది. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌లోకి వచ్చినప్పుడు మామయ్య కబురు తెలియక ఇంట్లో గడిచిన వారాలు నాకు గుర్తున్నాయి. అందరిలాగే అతనూ అమ్మాన్ మీదుగా విమానంలో బొంబాయి చేరాడు. కేసెట్ అంతకు ముందుదో, ఆ వారాల్లోదో మొదట తెలియలేదు. యుద్ధం మాట లేదు కాబట్టి ముందుదే అనుకుంటున్నాం. పుస్తకంలో ఆ కోడిని కూడా వదలకుండా మొత్తం రాశాం.

రాయడం

నా మొదటి చిత్తుప్రతి "సదరు అమ్మమ్మ గారు" అని మొదలైంది. మా ఆవిడ నవ్వి చించేసింది. రెండోది కళ్లు చెమర్చే మాటలతో నిండిపోయింది, అది నేనే చించాను. మూడోసారి నాకు వచ్చిన పనే చేశాను. చెక్కుబందీ, అంటే నాలుగు దిక్కుల హద్దులు, రాశాను:

తూర్పు: నుయ్యి, దాని గట్టున తోమిన గిన్నెలు. దక్షిణం: వరండాలో తాతయ్య పడక్కుర్చీ, అక్కడ వేసిన కేక ఇక్కడ వినిపిస్తుంది. పడమర: గోడ, దాని మీద బొగ్గుతో పాల లెక్క. ఉత్తరం: పెరటి గుమ్మం, పిల్లలు తప్ప ఎవరూ వాడరు. ఈ నాలుగు హద్దుల మధ్య గల వంటింట్లో ఆమె రోజుకు పదహారు గంటలు ఉండేది.

తర్వాత అంతా దానంతట అదే వచ్చింది. మీరూ ఒక చోటు తీసుకుని నాలుగు దిక్కులూ రాసి చూడండి. రాసినదాంట్లో ఇంకొకరి అమ్మమ్మకు కూడా సరిపోయే వాక్యం ఉంటే కొట్టేయండి. "పిల్లలంటే ప్రాణం" కొట్టేశాను. "వేసవి సెలవుల్లో పద్నాలుగు మంది మనవలకు పద్నాలుగు ముంజెలు విడివిడిగా ఒలిచి పెట్టేది, పెద్దవాళ్లు అడిగితే మట్టలు చూపించేది" అన్నది ఉంచాను.

ఆమె కఠినంగా ఉన్న సంగతులూ ఉంటాయి. మా అమ్మమ్మ పెద్దత్తయ్యను మొదటి ఐదేళ్లు సుఖంగా ఉండనివ్వలేదు. దాన్ని రాయాలా వద్దా అని అత్తయ్యనే అడిగాను. "రాయి. కానీ నాకు జ్వరం వచ్చినప్పుడు పదమూడు రోజులు నా మంచం పక్కన కింద పడుకుందని కూడా రాయి" అంది. రెండూ పక్కపక్కన రాశాను.

ఫొటోల గురించి ఎక్కువ చెప్పను. అద్దానికి అంటుకున్న బొమ్మను పీకకండి, నీడలో పెట్టి అద్దం మీదుగానే ఫొటో తీయండి. వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిలు, బాల్‌పెన్ను వద్దు. ఎడమ నుంచి కుడికి వరసగా ఎవరెవరో ఇప్పుడే రాయించండి.

వంటలకు మాత్రం ఒక రోజంతా కేటాయించండి. ఆమె కొలత "సోలెడు" అంటే ఏ సోలో తెలియాలి. నాలుగు సోలలు ఒక మానిక అన్న లెక్క పుస్తకాల్లో ఉన్నదే, కానీ అంచు అరిగిన మా సోల వేరు. అందుకే అందులో నీళ్లు పోసి మందుల దుకాణంలో కొన్న కొలపాత్రతో కొలిచి, ఎన్ని మిల్లీలీటర్లో పేజీ పైన వేశాం. ఆవకాయ, పనసపొట్టు కూర, పొట్టిక్కబుట్టలు (పనసాకుల బుట్టల్లో ఉడికించే ఇడ్లీలు), మూడు వంటలే రాశాం. మిగతావి చేసే చేతులు ఇంకా ఉన్నాయి.

అచ్చు

పేజీలు ఎనిమిదితో భాగించబడేలా చూసుకోండి, కాగితం వృథా కాదు. అక్షరాలు పెద్దవిగా వేయించండి, మొదట చదివేది డెబ్బై దాటినవారే. ఫోనులో టైపు చేసిన తెలుగును అచ్చు దుకాణంలో వాళ్ల పాత ఫాంటులోకి మార్చేటప్పుడు వొత్తులు ఎగిరిపోతాయి. ప్రూఫు కాగితం మీద తీసుకుని, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు సరిచూడండి. మా ప్రూఫులో అమ్మమ్మ పేరులోనే వొత్తు జారింది. దిద్దబోతే అమ్మ ఆపింది, 1974 సంతకంలో కూడా అలాగే ఉందిగా అని. మొదటి పేజీలో ఆ సంతకం బొమ్మనే వేసి, లోపల మాత్రం దిద్దించాం.

పేరు తప్పకుండా వేయండి. మా పద్నాలుగు మందిలో ఐదుగురికి ఆమె అసలు పేరు ఆ రోజు వరకూ తెలియదు.

చివర నాలుగు పేజీలు ఖాళీగా ఉంచి, పైన "దిద్దుబాట్లు" అని వేయించండి. ప్రతులు పంచేటప్పుడు ఒక్కో పెన్సిలు కూడా ఇవ్వండి. మేము నూట ఇరవై వేస్తే ఇప్పటికి పదకొండు తిరిగి వచ్చాయి. చిన్నమ్మమ్మ ప్రతిలో ఖాళీ పేజీలు ఖాళీగానే ఉన్నాయి. ఆవకాయ పేజీలో మాత్రం ఉప్పు దగ్గర "సోల" అన్న మాట కొట్టేసి, పక్కన వణికే అక్షరాలతో రాసింది: "సోలకు రెండు వేళ్లు తక్కువ. అక్క ఎప్పుడూ నిండా పోయదు."